ఒక బ్యాటరీ, వీధంతటికీ చార్జింగ్

శ్రోతలకు నమస్కారం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. చెన్నైలోనో, గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీదో ఉన్న కొడుక్కి ‘మేం బాగానే ఉన్నాం’ అని చెబుదామన్నా ఫోన్లో చార్జింగ్ ఉంటేగా! ఈసారి తుపాన్ల కాలం రాకముందే వీధికో చార్జింగ్ పెట్టె తయారుచేసి పెట్టుకోవచ్చు.

దీనికి 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, కార్లలో ఫోన్లకు బిగించే రెండు పాయింట్ల యూఎస్‌బీ సాకెట్లు ఆరు, ఫ్యూజులు, రాగి వైరు, ఒక ప్లాస్టిక్ పెట్టె కావాలి. ఇన్వర్టర్ పెట్టి మామూలు చార్జర్లు తగిలిస్తే సరిపోదా అంటారేమో. సరిపోతుంది, కానీ దండగ. 12 వోల్టులను 230కి పెంచి, మళ్లీ 5కి దించుతుంటే రెండు చోట్లా కొంత కరెంటు వేడిగా పోతుంది. కారు సాకెట్టు 12 నుంచి నేరుగా 5కే దించుతుంది.

ఇక లెక్క. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో, 12 వోల్టులతో హెచ్చిస్తే, 1200 వాట్-అవర్లు ఉంటాయి. అందులో సగమే వాడాలి, అంటే 600. ఇప్పటి 5000 ఎంఏహెచ్ ఫోను నిండటానికి, నష్టాలతో కలిపి, పాతిక వాట్-అవర్ల దాకా పడుతుంది. ఇరవై పైచిలుకు ఫోన్లు సున్నా నుంచి నిండుతాయి. మాట్లాడటానికి సరిపడా చాలనుకుంటే ఇంకా ఎక్కువ మందికి అందుతుంది.

అసలు జాగ్రత్త ఫ్యూజు దగ్గర. ఒక్కో పాయింటు 5 వోల్టుల దగ్గర 2.4 ఆంపియర్లు ఇచ్చేదైతే, ఆరు సాకెట్లూ నిండా పనిచేసినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 14 ఆంపియర్ల దాకా లాగుతాయి. కాబట్టి ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే 20 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి పెట్టె దాకా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వెయ్యండి. పెట్టెలో ఒక్కో సాకెట్టుకూ విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ‘12 వోల్టులేగా, షాకు కొట్టదుగా’ అని ఫ్యూజు మానేసేవాళ్లున్నారు. షాకు కొట్టదు, నిజమే. ప్లస్, మైనస్ కలిస్తే మాత్రం వైరు ఎర్రగా కాలి పెట్టె అంటుకుంటుంది.

ట్రాక్టరు బ్యాటరీ పనికొస్తుంది గానీ, అది ఇంజను స్టార్టు చెయ్యడానికి పుట్టింది. లోతుగా ఖాళీ చేస్తే చెడిపోతుంది, మర్నాడు రోడ్డుకడ్డంగా పడ్డ చెట్టును లాగడానికి ట్రాక్టరూ కదలదు. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ అయితే మేలు. ఎండ కాస్తే వంద వాట్ల సోలార్ పలకతో మళ్లీ ఎక్కించుకోవచ్చు, మధ్యలో బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపులో ఉంచే చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. ఎక్కేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, కనుక బ్యాటరీని గాలి ఆడే వరండాలో పెట్టండి, పక్కన బీడీ, దీపం వద్దు.

రీచార్జి టార్చిలైట్లు చాలావరకు ఈ యూఎస్‌బీతోనే ఎక్కుతాయి. ఒక పాయింటు వాటికి వదిలిపెట్టండి. ఉంటాను, నమస్కారం.