కాలువ కంటే ముందు పటం

అందరికీ నమస్కారం. ఊళ్లో నీళ్లు నిలిచాయంటే కాలువ వెడల్పు చెయ్యాలంటాం. ఈ రోజు నేను కాలువ జోలికి పోను. ఆ నీళ్లు పడిన నేలలో ఏం కట్టుకోవచ్చని మాస్టర్ ప్లాన్ చెప్పిందో చూద్దాం.

హెక్టారుపై 50 మిల్లీమీటర్ల వాన అంటే 5 లక్షల లీటర్లు. చెట్లూ గడ్డీ ఉన్న నేల మీద అందులో పారేది సుమారు పదో వంతు. ముప్పాతిక భాగానికి మించి కాంక్రీటు పరిస్తే సగానికి పైగా పారుతుంది, అదీ ఒక్కసారిగా.

అలాగని ప్రతి ప్లాటులో ఖాళీ నేల వదలమని రూలు పెడితే చాలదు. 2006లో అమెరికా పర్యావరణ సంస్థ ఒక లెక్క వేసింది. ఎకరానికి ఒక ఇల్లు కడితే 20 శాతం నేల కప్పబడుతుంది, ఎనిమిది కడితే 65 శాతం. ప్లాటు వరకే చూస్తే తప్పు రెండోదానిదే. కానీ ఇంటికింత అని లెక్కేస్తే, పారే నీరు రెండోదాంట్లోనే 74 శాతం తక్కువ! పదివేల ఇళ్లకు పదివేల ఎకరాలు అక్కర్లేదు, 1,250 చాలు. రోడ్లూ తగ్గుతాయి. అయితే మిగిలిన నేలను నిజంగా మిగల్చాలి. తర్వాత విడతలో అదీ లేఅవుట్ అయిందంటే రెండు విధాలా నష్టమే. (పచ్చగా కనిపించే లాన్‌ను కూడా నమ్మకండి. యంత్రాలు తొక్కిన మట్టి నీటిని సరిగా పీల్చదు.)

ఏ నేల మిగల్చాలి? పల్లం, వాగు అంచులు, చిత్తడి, నీరు బాగా ఇంకే చోట్లు. ముందు వీటిని గుర్తించి, ఆ తర్వాతే రోడ్లు గీయాలి. పార్కింగ్ కనీసం ఇంత ఉండాలనే నిబంధన కూడా నా దృష్టిలో డ్రైనేజీ నిబంధనే, ఎందుకంటే అదీ నేలను కప్పించేదే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వాణిజ్య ఆస్తులకు వాన నీటి చార్జీ వేసేది ప్రధానంగా నీరు ఇంకకుండా కప్పేసిన విస్తీర్ణాన్ని బట్టే.

దీనికీ హద్దుంది. 2021 జూలై 20న చైనాలోని జెంగ్‌జౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. అంత వానను ఏ నేలా తాగలేదు. అప్పుడు నీటికి దారీ, కాసేపు ఆగే చోటూ కావాలి. 2011 కుంభవృష్టి తర్వాత డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ పార్కులనూ కొన్ని వీధులనూ అందుకే సిద్ధం చేయడం మొదలుపెట్టింది. ముసాయిదా ప్లాన్‌ను అభ్యంతరాల కోసం పెట్టినప్పుడు, ఆ దారులు పటంలో ఎక్కడున్నాయో అడగండి. లేకపోతే అదే అభ్యంతరంగా రాసివ్వండి.