మా తాత రందా ఎన్నేండ్లది? తుప్పు కింద దొరికిన తారీఖులు

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇగో, ఇది మా తాత రందా, చెక్క సాపు చేసే వడ్ల పనిముట్టు. వరంగల్‌ల పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద గోనెసంచిల దొరికింది. కబాడాయన కిలో లెక్కన అడిగిండు. మా చిన్నాయినేమో "నిజాం కాలంది, అమ్మకు" అన్నడు. ఏడో నిజామొక్కడే 1911 నుంచి 1948 దాకా ఏలిండు. అండ్ల ఏ యేడని చెప్పాలె?

దగ్గరికి తెస్తున్న, చూడుండ్రి. ముందల "బెయిలీ" అని పోతలనే అచ్చు పడ్డది. పక్కన 5 నంబరు. పొడుగు 14 అంగుళాలు. అంటే అమెరికా స్టాన్లీ కంపెనీ చేసిన బెయిలీ రకం జాక్ ప్లేన్, మోటు పనికి పట్టే రందా. మూత, బ్లేడు తీసి పిడి ముందల గుడ్డతోని తుడిస్తె మూడు తారీఖులు బయటపడ్డయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19.

మస్తు మంది ఈడనే బోల్తా పడ్తరు. 1902 కనబడంగనే "1902ల తయారైంది" అంటరు. ఇవి పేటెంటు తారీఖులు, అంటే కంపెనీకి ఆ డిజైన్ల మీద హక్కు దొరికిన రోజులు. ఆఖరుది 1910, కాబట్టి అంతకు ముందుదైతే కాదు. అంతవరకే చెప్తది.

మరి ఎప్పటి దాకా? ముందల చేత్తోని పట్టుకునే కట్టె గుండు చూడుండ్రి, పొట్టిగ ఉన్నది. దాదాపు 1919 నుంచి గుండు ఎత్తు పెంచిండ్రు. బ్లేడు మీద బిగించే మూత సుత బోడిగ ఉన్నది. 1925 కాడ్నుంచి దాని మీద స్టాన్లీ అని పోత పోసిండ్రు. అట్ల చూస్తె ఈ బాడీ 1910, 1918 నడుమది. మా తాత పుట్టింది 1931ల!

కని బ్లేడు నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. దాని మీద గుండె బొమ్మ, లోపల రెండక్షరాలు. ఆ గుర్తు 1920 నుంచి 1935 దాకా వేసిండ్రు, కంపెనీ పెద్ద విలియం హార్ట్ పేరు మీద. బాడీ ఒక కాలంది, బ్లేడు ఇంకో కాలంది. సానబట్టి సానబట్టి బ్లేడు అరిగితె కొత్తది వేసుకుంటరు, గొడ్డలికి కామ మార్చినట్టే. బ్లేడు చూసి రందా వయసు చెప్పెటోళ్లను నమ్మకుండ్రి.

ఇగ దేనికి వాడిండ్రు? అంచు చూడుండ్రి, నడుమ కొంచెం ఉబ్బెత్తుగ ఉన్నది. అరిగి వంకర పోయిందనుకొని సక్కగ సానబట్టిద్దామనుకున్న. మంచిగైంది, ఆగిన! అది కావాలని చేసిన వంపు. రంపం కోతకొచ్చిన టేకు చెక్క మీద ముందుగాల మందం పొట్టు తీసేతందుకు. అంచు సక్కగ ఉంటె చెక్కల అంత లోతు దిగదు. అంటే తాత దీంతోని దర్వాజల చెక్కలు మోటుగ సాపు చేసి, నున్నపు పనికి చిన్న రందా పట్టిండన్నట్టు.

పిడి అసలు రోజ్‌వుడ్. పైకొమ్ము ఇరిగితె తాత టేకు ముక్క అతికిచ్చిండు. రంగు కలవలే, నాకేమో గదే నచ్చింది. మార్చ.

తుప్పు తీసేతందుకు గ్రైండర్ మాత్రం పెట్టకుండ్రి, లోపలి నల్లపూత పోతది. కిరసనాయిల్, గుడ్డ చాలు.

ఇగ టేకు చెక్క మీద ఒక తోపు తోస్త. చప్పుడు వినుండ్రి.