కిలో రొయ్యల నుంచి ప్లేటు ధర దాకా: చేపల హోటళ్ల ఖర్చు లెక్క

నమస్కారం. కాకినాడలోనైనా, విశాఖలోనైనా, హైదరాబాదులోనైనా చేపలు, రొయ్యలు ప్రధానంగా వండి అమ్మే చిన్న, మధ్యతరహా హోటళ్ల యజమానుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. వంట రుచిగా ఉండి, బల్లలన్నీ నిండుతున్నా నెలాఖరుకు చేతిలో డబ్బు మిగలడం లేదంటే, చాలాచోట్ల అందుకు కారణం బజారులో కొన్న కిలో ధరనే ప్లేటులోకి వెళ్లే కిలో ధరగా లెక్కవేసుకోవడం. ఆ తేడాను ముందు కాటా మీద చూద్దాం.

ఈ గిన్నెలో తలతో ఉన్న 40 కౌంట్ వెనామీ రొయ్యలు ఉన్నాయి, అంటే చెరువుల్లో పెంచే రకంలో కిలోకు సుమారు నలభై తూగేవి. లెక్క కోసం కిలో 400 రూపాయలకు కొన్నామని అనుకుందాం. మీ ఊరి ధర వేరైతే అక్కడ మీ అంకె పెట్టుకోండి. తల తీసి, పొట్టు వలిచి, వీపు మీది నల్లటి నరం లాగేసి, కడిగి, నీళ్లు ఓడ్చి మళ్లీ తూస్తే 550 గ్రాములు వచ్చాయి. శుభ్రం చేసినందుకు కిలోకు మరో 30 రూపాయలు ఇచ్చాం. అంటే మొత్తం 430 రూపాయలకు మన చేతికి వచ్చింది 550 గ్రాములు; ఆ లెక్కన వలిచిన రొయ్యలు కిలో 782 రూపాయలు పడ్డాయి. వంటగదికి సంబంధించినంతవరకు అసలు ధర ఇదే.

ప్లేటు వేపుడుకు వలిచినవి 150 గ్రాములు, అంటే పదకొండు రొయ్యలు వేస్తామనుకుంటే వాటికే 117 రూపాయలు. నూనె, ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్ద, మసాలా, కరివేపాకు, పక్కన పెట్టే నిమ్మచెక్క కలిపి 28 రూపాయలు. పాడైపోయేవి, వెనక్కి వచ్చేవి ఎలాగూ ఉంటాయి కనుక దాని మీద ఓ నాలుగు శాతం వేసుకుంటే ప్లేటుకు సరుకు ఖర్చు 151 రూపాయలు. సరుకు ఖర్చు అమ్మకం ధరలో 35 శాతం మించకూడదని నియమం పెట్టుకున్న హోటలు ఈ వేపుడును 430 రూపాయలకు అమ్మాలి. తరుగు చూడకుండా 150 గ్రాములను 400 రూపాయల ధరతో గుణించినవారికి రొయ్యలు 60 రూపాయలు, మొత్తం 88 రూపాయలుగా కనిపిస్తుంది. అదే నియమంతో వారు మెనూలో 250 రూపాయలు వేస్తారు. ఆ 250లో 151 రూపాయలు సరుకుకే పోతాయి. మిగిలిన 99 రూపాయలతో జీతాలు, అద్దె, గ్యాసు, కరెంటు గడవాలి. ఎక్కువ అమ్ముడుపోయే వంటకమే ఇలా ఉంటే ఆ హోటలు నిలబడటం చాలా కష్టం.

గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్లు కొనేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. రొయ్య ఎండిపోకుండా దాని మీద ఐసు పూత ఉంటుంది; ఆ పూత ఎంతన్నది సరఫరాదారును బట్టి మారుతుంది. కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ ఒక ప్యాకెట్ కరగనిచ్చి, జల్లెడలో నీళ్లు పూర్తిగా కారాక తూచి, ఆ బరువుతోనే ధరను భాగించండి.

ఇప్పుడు వంజరం. ఐదు కిలోల చేప, కిలో 800 చొప్పున 4,000 రూపాయలు అనుకుందాం. కోయించాక ముక్కలు మూడున్నర కిలోలు, తల, తోక కలిసి 900 గ్రాములు, మిగిలినది పారేసేది. తలను, తోకను మీరు నిజంగా పులుసుకు వాడి అమ్ముతుంటే వాటికి కిలో 150 చొప్పున 135 రూపాయలు విలువ కట్టి తీసేయవచ్చు. సిబ్బంది భోజనానికి వెళుతుంటే తీసేయకూడదు. తీసేశాక ముక్కలు కిలో 1,104 రూపాయలు, 150 గ్రాముల ముక్క 166 రూపాయలు. మసాలా, నూనె కూడా కలుపుకుంటే ప్లేటుకు మొత్తం సరుకు ఖర్చు 190. దీనికి 35 శాతం నియమం పెడితే ధర 540 దాటుతుంది, చాలా ఊళ్లలో ఆ ధరకు గిరాకీ ఉండదు. ఇక్కడ శాతాన్ని పట్టుకుని వేలాడవద్దని నా గట్టి అభిప్రాయం. 80 రూపాయల ఖర్చుతో 250కి అమ్మే చికెన్ వేపుడులో సరుకు ఖర్చు 32 శాతమే, కానీ చేతికి మిగిలేది 170 రూపాయలు. 450కి అమ్మే వంజరంలో సరుకు ఖర్చు 42 శాతం, అయినా 260 రూపాయలు మిగులుతాయి. అద్దె కట్టేది ఆ రూపాయలతోనే. అయితే మర్నాటికి మిగిలిపోయిన ఒక్క ముక్క 166 రూపాయలు మింగేస్తుంది కనుక వంజరాన్ని ఆ రోజు అమ్మగలిగినంతే కొనాలి.

పీతలకు ఈ పద్ధతి పనికిరాదు. గుల్ల బరువే ఎక్కువ కాబట్టి బతికున్న పీతను తూచి, సైజును బట్టి ధర చెప్పి, వినియోగదారుడు ఒప్పుకున్నాకే వండాలి.

ధరలు కదలడానికి కారణాలు తెలిస్తే మెనూను ముందే సిద్ధం చేసుకోవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ సముద్రపు చేప ప్రియమవుతుంది, వచ్చేది కూడా ఎక్కువగా దూరం నుంచి ఐసులో వస్తుంది. ఆ రోజుల్లో వంజరం ధర పెంచి అందరినీ నొప్పించేకంటే, దానిని మెనూ నుంచి తప్పించి కొరమీను, చెరువు పండుగప్ప ముందుకు తేవడం మంచిది. వెనామీ ధర మాత్రం ఎగుమతులను బట్టి నడుస్తుంది. 2025 ఆగస్టులో మన దేశపు సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆంధ్రలో చెరువు గట్టు మీద రొయ్య ధర పడింది. అలాంటప్పుడు మెనూ ధర తగ్గించకుండా రొయ్యల సంఖ్య పెంచితే, ధర మళ్లీ ఎక్కినప్పుడు సర్దుకోవడం తేలిక.

ఆన్‌లైన్ ఆర్డర్లకు లెక్క వేరు. డెలివరీ యాప్ తీసుకునే కమిషన్ 22 శాతం అనుకుంటే 430 రూపాయల మీద అది 95 రూపాయలు, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్‌టీ మరో 17. పెట్టెకు 12 రూపాయలు, సరుకుకు 151 పోగా మిగిలేది 155. హోటల్లో తిన్నవారి దగ్గర 279 మిగిలేది. ఆన్‌లైన్‌లో ధర 490 పెడితే సుమారు 200 మిగులుతుంది. వినియోగదారుడి నుంచి వసూలు చేసే 5 శాతం జీఎస్‌టీని ఎక్కడా ఆదాయంలో కలపకండి.

చివరగా వారం లెక్క. ఆదివారం రాత్రి సరుకంతా అయిపోయిందనుకుని చూడండి: వారంలో 20 కిలోల రొయ్యలు కొంటే వలిచినవి 11 కిలోలు, అంటే 73 ప్లేట్లు రావాలి. బిల్లుల్లో 64 మాత్రమే ఉంటే తొమ్మిది ప్లేట్ల రొయ్యలు, సుమారు 1,056 రూపాయలు, ఎక్కడో పోయాయి. ఎవరినీ అనుమానించే ముందు సోమవారం ఉదయం కొత్త సరుకు వలిచేటప్పుడు దగ్గర నిలబడి తూచండి. 550కి బదులు 490 గ్రాములే వస్తుంటే తేడా దాదాపు అక్కడే తేలిపోతుంది. అలా తేలకపోతే ఆ మధ్యాహ్నం వేపుడు ప్లేట్లు ఐదారు తీసుకుని, రొయ్యలు పదకొండే పడుతున్నాయో లేదో లెక్కపెట్టండి.