బొజ్జకి టేపు పెట్టారు, అందుకే పొద్దున్నే ఆరున్నరకి పార్కులో ఉన్నా

అందరికీ నమస్కారం. "ట్రైన్లు, వంటలు చాలు గానీ, పొద్దున్నే ఎక్కడికి పోతున్నావో అది చూపించు" అని మా వదిన నెల రోజులుగా సతాయిస్తోంది, అందుకే ఈ వీడియో. టైమ్ ఆరుంబావు, టోక్యోలో మా నిషి కసాయ్. ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, లిఫ్టులో తెలుగు కాస్త చూసుకుని మాట్లాడాలి.

ఇదంతా ఒక టేపుతో మొదలైంది. జపాన్‌లో 40 నుంచి 74 ఏళ్ళ వాళ్ళకి ఏటా హెల్త్ చెకప్‌లో నడుము కొలుస్తారు, 2008 నుంచి ఇదే పద్ధతి. మగవాళ్ళకి హద్దు 85 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 90 (మా ఆవిడ సంబరం చూడాలి). నాకు 46 ఏళ్ళు, 93 సెంటీమీటర్లు. నర్సు నవ్వలేదు, ఏమీ అనలేదు, రాసుకుంది అంతే. అదే ఇంకా మండింది. మా ఊళ్ళో అయితే "కాస్త ఒళ్ళు చేశావురా, ఇప్పుడు బాగున్నావు" అంటారు.

జిమ్‌లో అడిగితే నెలకి 8,000 యెన్‌లు, మన లెక్కలో 4,500 రూపాయల దాకా. నేనింకా రూపాయల్లోనే బతుకుతున్నా లెండి, కొత్తిమీర కట్ట 198 యెన్‌లంటే 110 రూపాయలా అని అక్కడే పెట్టేసి, మళ్ళీ పది నిమిషాలకి వెళ్ళి కొనుక్కొస్తా.

ఈ పార్కులో మాత్రం పైసా లేదు. రేడియో తైసో అంటారు, రేడియోలో పియానో మోగుతుంటే ఒకాయన చెప్తాడు, అందరం చేతులెత్తి, వంగి, గెంతుతాం, పది నిమిషాలు. 1928లో మొదలైంది, యుద్ధం అయ్యాక కొన్నాళ్ళు ఆగి 1951లో మళ్ళీ వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు కార్డు మెళ్ళో వేసుకొచ్చి, వచ్చినట్టు స్టాంపు కొట్టించుకుంటారు. ముఖాలు చూపించను, అడక్కుండా తీస్తే ఇక్కడ బాగోదు, అందుకే మీకు అన్నీ చెట్లూ బూట్లే.

మొదటిరోజు ఎనభై ఏళ్ళ మామ్మగారు కాలివేళ్ళు ముట్టుకుంటే నా చెయ్యి మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. నాలుగు నెలలయింది, ఇప్పుడు నడుము 90కి వచ్చింది. టేపు వంకరగా పట్టుకున్నానంటుంది మా ఆవిడ. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాణ్ణి, మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఆరింటికి లేవాలంటే కుదరక అదే పోయింది.

మొన్న జ్వరంతో రెండు రోజులు వెళ్ళలేదు. మూడో రోజు ఆ మామ్మగారు ఏదో అడిగారు, సగమే అర్థమయింది, చేతిలో ఒక కమలాపండు పెట్టారు. పదకొండేళ్ళుగా ఇక్కడున్నా, నేను రాలేదని ఆఫీసు బయట ఎవరైనా గమనించడం అదే మొదటిసారి.

అయిపోగానే అమ్మకి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది, కానీ మనకక్కడ అప్పుడు తెల్లవారుజాము మూడూ పది. అమ్మా, లేచాక చూడు. ఇద్దరు కుర్చీలో కూర్చునే చేస్తున్నారు, మోకాళ్ళని వంక పెట్టకు.

అయ్యో, ఇవాళ సీసాల చెత్త రోజు, ఎనిమిదిలోపు కింద పెట్టాలి. ఉంటా మరి.