మినహాయింపు

శ్రోతలకు నమస్కారం.

మావాడికి ఆటిజం, దాంతోపాటు మేధో వైకల్యం కూడా ఉంది. వాడికి 22 నిండిన ఏడాది స్కూలు బస్సు రావడం ఆగిపోయింది. ఆగిపోతుందని మాకు ముందే తెలుసు. వాడికి ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. పొద్దున ఏడుంబావుకల్లా బ్యాగు తగిలించుకుని వీధి తలుపు దగ్గర నిలబడేవాడు. పసుపు బస్సు మా ఇల్లు దాటి మలుపు తిరిగి వెళ్ళిపోతే, నేనేదో దాచేసినట్టు నా వంక చూసేవాడు. దాదాపు నెల్లాళ్ళు అలాగే నిలబడ్డాడు.

మేముండేది అమెరికాలో. ఇక్కడ 1975 నాటి చట్టం పుణ్యమా అని ఎలాంటి వైకల్యం ఉన్న పిల్లలకైనా ప్రభుత్వ బడిలో చదువు హక్కు. స్పీచ్ థెరపీ, బస్సు, పక్కన సాయానికి ఒక మనిషి, అన్నీ అందులోనే. మామూలుగా 22వ పుట్టినరోజుతో ఆ హక్కు అయిపోతుంది, కొన్ని రాష్ట్రాల్లో కాస్త అటూ ఇటూ. ఆ మర్నాటి నుంచి ఇలాంటి సాయం కావాలంటే చాలావరకు మెడికెయిడ్ గడప తొక్కాలి. పేదలకూ వికలాంగులకూ వైద్యం, సంరక్షణ ఖర్చు భరించడానికి కేంద్రమూ రాష్ట్రమూ కలిసి డబ్బు పెట్టే పథకం అది. అక్కడ మొదట వినబడే మాట 'వేవర్'. అంటే మినహాయింపు. దేని నుంచి మినహాయింపు అని నేను చాలాకాలం అడగనేలేదు. ఫారాలు నింపే హడావిడిలో అదీ ఒక ఫారం పేరే అనుకున్నాను.

1965లో మెడికెయిడ్ పెట్టినప్పుడు, జీవితాంతం సాయం కావాల్సిన మనిషి అంటే ఇల్లు వదిలి ఏదో ఒక సంరక్షణ సంస్థలో ఉండే మనిషే అన్న లెక్క ఉండేది. ఆ సంస్థలు ఎలా ఉండేవో తెలియాలంటే న్యూయార్క్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళను ఉంచిన విల్లోబ్రూక్ చాలు. 4,000 మందికని కట్టిన చోట 6,000 మందిని కుక్కారు. 1972లో టీవీ కెమెరా లోపలికి వెళ్ళాక గాని దేశం ఉలిక్కిపడలేదు. మూతపడటానికి 1987 దాకా పట్టింది.

అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పాపకు అయిదు నెలల వయసులో మెదడువాపు వచ్చింది. ఊపిరికి వెంటిలేటర్ తప్పనిసరైంది. మూడేళ్ళు వచ్చేసరికి ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు డాక్టర్లు. తీసుకెళ్తే మెడికెయిడ్ ఆగిపోతుంది! ఆసుపత్రిలో ఉన్నంతకాలం తల్లిదండ్రుల జీతం లెక్కలోకి రాదు, ఇంట్లో అడుగుపెడితే వస్తుంది. ఇంటి ఖర్చుకు ఎన్నో రెట్లు ఆసుపత్రికి కట్టడానికి ప్రభుత్వం సిద్ధం, ఇంటికి మాత్రం పైసా ఇవ్వదు. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు ఈ సంగతి ఎత్తాడు. ఆయన ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని పట్టుబట్టిన మనిషి. చౌకగా తేలే దారికి మన నిబంధనే అడ్డమొస్తోందేమిటన్నది ఆయన బాధ. కేటీ ఆ డిసెంబరులోనే ఇల్లు చేరింది. పెద్దదై వికలాంగుల హక్కుల కోసం పనిచేసింది, 34 ఏళ్ళు బతికింది. మెడికెయిడ్ సాయం ఇంట్లోనే అందుకునే వీలిచ్చే ఈ వేవర్లు కూడా ఆ 1981లోనే చట్టంలోకి వచ్చాయి.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికింది. సంస్థలో పెట్టడం నియమం, ఇంట్లో ఉంచుకోవడం మినహాయింపు. ఇప్పటికీ అంతే. అర్హత ఉన్న వయోజనులకు నర్సింగ్ హోమ్, అంటే అక్కడే ఉంచుకుని చూసుకునే సంస్థ, ఖర్చు ప్రతి రాష్ట్రమూ భరించి తీరాలి. వేవర్ మాత్రం రాష్ట్రం ఇష్టం, ఇంతమందికే అని పరిమితి కూడా పెట్టుకోవచ్చు. బడ్జెట్‌లో కోత పడితే ముందు చెయ్యి వేసేది ఇష్టమున్న పద్దు మీదా, తప్పనిసరి పద్దు మీదా? మీరే ఆలోచించండి.

1999లో జార్జియాకు చెందిన లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్ అనే ఇద్దరు మహిళల కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అవసరం లేకపోయినా సంస్థల్లో ఉంచేయడం వివక్షేనని కోర్టు తేల్చింది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది. సంస్థ బయట సాయం కోసం ఎదురుచూసేవాళ్ళ వెయిటింగ్ లిస్ట్ తగిన వేగంతో కదులుతుంటే చాలట. ఏది తగిన వేగం అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. 2024లో దేశమంతా కలిపి ఈ లిస్టుల్లో ఉన్నవాళ్ళు 7 లక్షల పైనే, ఎక్కువమంది మావాడిలాంటి వాళ్ళే. కొన్ని రాష్ట్రాలు అర్హత చూడకుండానే పేరు రాసుకుంటాయి కాబట్టి ఆ అంకెలో కొంత తాలు ఉంటుంది. అసలు లిస్టే లేని రాష్ట్రాలూ ఉన్నాయి.

సరే, ఇంతా చేసి ఆ డబ్బుతో ఏం కొంటారు? మందులూ మిషన్లూ కాదు. ఎక్కువగా ఒక మనిషి సమయం.

మా వంతు వచ్చేలోపు చేతి డబ్బుతో వారానికి పది గంటలు ఒకతన్ని పెట్టుకున్నాం. నేను చొక్కా తొడిగితే ఒక్క నిమిషం పని. అతను గుండీలు మావాడి చేతే పెట్టించేవాడు. పై గుండీ వదిలేసి, కింద నుంచి మొదలుపెట్టించేవాడు, కింద అయితే కంటికి కనిపిస్తుంది కదా. మూడో గుండీ దగ్గర వేలు జారేది. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఎనిమిది నిమిషాలు, ఒక్కోరోజు పన్నెండు. చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని. నాలుగు నెలలకు మావాడు అయిదు గుండీలూ తనే పెట్టుకున్నాడు.

ఆరో నెలలో అతను గోడౌన్ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. గంటకు నాలుగు డాలర్లు ఎక్కువ. ఏమని ఆపుతాం? దేశమంతా ఈ పని చేసేవాళ్ళలో ఏటా పదిలో నలుగురు దాకా మారిపోతూనే ఉంటారు. వేవర్ కింద ఇలా మనుషుల్ని పంపే ఏజెన్సీకి గంటకింత అని రేటు కట్టేది రాష్ట్రమే. ఆ రేటు ఏళ్ళ తరబడి కదలకపోతే జీతమూ కదలదు. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా మూడో గుండీ దగ్గర నుంచి మళ్ళీ మొదలు.

వింటున్నవాళ్ళలో చిన్నపిల్లల తల్లిదండ్రులుంటే రెండు సంగతులు. మాకు మంచి జీతాలున్నాయి, మాకేం ఇస్తారులే అనుకోకండి. చాలా వేవర్లలో బిడ్డ ఆదాయమే చూస్తారు, మీది కాదు. అందుకే బిడ్డ పేరు మీద డబ్బు వేసే ముందు తెలిసినవాళ్ళను అడగండి. చాలాచోట్ల 2,000 డాలర్లు దాటితే అర్హత పోతుంది. ఆ అర్హత పోకుండా వైకల్యం ఉన్నవాళ్ళ పేరు మీద డబ్బు దాచుకునే ఏబుల్ ఖాతా అని ఒకటుంది, దాని గురించి కనుక్కోండి.

రెండోది మేం చేసిన పొరపాటు. మావాడికి పదిహేనేళ్ళప్పుడు మా ఆయనకు ప్రమోషన్ వచ్చి రాష్ట్రం మారాం. పాత లిస్టులో ఏడేళ్ళుగా ఉన్న పేరు అక్కడే ఆగిపోయింది. ఒక రాష్ట్రం లైను ఇంకో రాష్ట్రానికి చెల్లదు. ఇక్కడ మళ్ళీ చివర్న నిలబడ్డాం. ఏటా ఒక ఉత్తరం వస్తుంది, ఇంకా మీకు అవసరమేనా అని. ముప్పై రోజుల్లో సంతకం పెట్టి పంపకపోతే పేరు తీసేస్తారు. ఈ ఏటి ఉత్తరం మొన్ననే వచ్చింది. ఫ్రిజ్ తలుపుకి తగిలించాను, ఈ రికార్డింగ్ అవగానే వెళ్ళి పోస్టు చెయ్యాలి.