ఈకో వెనక చిన్న ట్రెయిలర్: నొగ బరువు చూసుకున్నాకే తాళం తిప్పండి

నమస్కారం. మారుతి ఈకో వ్యానుకు ఒంటి ఇరుసు ట్రెయిలర్ తగిలించి, మా మిద్దెతోట కోసం శంకర్‌పల్లి వైపు నుంచి మణికొండకు నాలుగు నెలలుగా ఎర్రమట్టి, వర్మీకంపోస్టు తెచ్చుకుంటున్నాను. ఆ అనుభవమే ఈ రోజు రివ్యూ. "ఎంత బరువు లాగుతుంది?" అని చూసినవారందరూ అడుగుతున్నారు. నన్నడిగితే, బరువును ఎక్కడ పెట్టాం, దాన్ని ఎలా ఆపుతాం అన్న రెండు ప్రశ్నలు తేలాకే ఆ ప్రశ్న వేసుకోవాలి.

ముందు బండి సంగతి. ఇందులో 1197 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉంది. సుమారు 80 హార్స్‌పవర్, 104 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ టార్క్ పూర్తిగా అందేది 3000 ఆర్‌పీఎం దగ్గర కాబట్టి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో ఈడ్చకుండా ముందే రెండో గేరుకు రావడం మంచిది. ఈకోలో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం మీద పడే భారం ఆ చక్రాలనే నేలకు అదుముతుంది కనుక, నర్సరీ ముందు తడిమట్టిలో బయలుదేరినప్పుడు చక్రాలు ఊరికే తిరిగిపోవడం నేను ఇంతవరకు చూడలేదు. అయితే ఆ భారం మితిమీరితే వ్యాను వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు సడలుతుంది.

కాగితాల మాట ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా రిజిస్టర్ చేయించవలసిన వాహనమే. వెల్డింగ్ షాపులో చట్రం తయారు చేయించుకోవడం సులభమే కానీ, నమూనాకు ఆమోదం లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే కథ ఆగిపోతుంది. డబ్బు కట్టకముందే ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. వ్యాను మాన్యువల్‌లో లాగే బరువు గురించి ఏముందో చదవండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి.

ఇక అసలు విషయం. ఎడ్లబండి తోలినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. బరువు వెనక్కి పడితే నొగ పైకి లేచి, కాడితో పాటు మెడ కింద కట్టిన పట్టెడ ఎద్దుల మెడలను పైకి ఈడుస్తుంది. ముందుకు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. ట్రెయిలర్‌కూ అదే లెక్క; వ్యాను కొక్కేనికి తగిలే దాని ముందు కడ్డీనే నేను నొగ అంటున్నాను. నా ట్రెయిలర్ ఖాళీ బరువు 130 కిలోలు. 40 కిలోల మట్టి బస్తాలు ఎనిమిది వేస్తే మొత్తం 450 కిలోలు. అందులో పదో వంతు, అంటే 45 కిలోల దాకా నొగ మీద నిలవాలి. కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. ట్రెయిలర్‌ను సమతలంగా నిలిపి, మిషన్ మీద కొక్కెం ఎత్తుకు సరిపడే చెక్క దిమ్మె పెట్టి, నొగను దాని మీద ఆనించి అంకె చదవండి.

మొదటిసారి నేను ఈ పని చేయలేదు. వెనక తలుపు తీసి, చేతికి అందినచోటే బస్తాలు పేర్చేశాను. మోకిల దాటాక పల్లంలో వేగం 60 చేరగానే వెనక నుంచి ఎవరో తోక పట్టుకుని ఊపుతున్నట్టు వ్యాను కుడికీ ఎడమకూ ఊగడం మొదలైంది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదైంది. స్టీరింగ్‌ను ఎదురు తిప్పలేదు, బ్రేకును గట్టిగా తొక్కలేదు; రెండు చేతులతో చక్రాన్ని సూటిగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేశాను. వేగం 40కి పడేసరికి ఊపు తగ్గింది. రోడ్డు పక్కన ఆపి చూస్తే, ఒంటిచేత్తో నొగను ఎత్తగలిగేంత తేలికగా ఉంది. మూడు బస్తాలు ఇరుసు ముందుకు మార్చాక, అదే రోడ్డు మీద అదే బరువుతో ఇల్లు చేరేవరకు ట్రెయిలర్ గీత గీసినట్టు వెనకే వచ్చింది.

నా ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు లేవు. వ్యాను బరువులో దాదాపు సగం వెనక నుంచి తోస్తుంటే, దాన్నీ వ్యాను బ్రేకులే ఆపాలి. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరుగుతుంది గానీ, బ్రేకులు అణచవలసిన శక్తి సుమారు 1.8 రెట్లవుతుంది. అందుకే నేను ఇప్పుడు 50 దాటను, ముందు బండికి మామూలుకు రెట్టింపు దూరం వదులుతాను.

లైట్ల విషయంలో ఒక్క తెల్ల వైరు నన్ను రెండు గంటలు తిప్పలు పెట్టింది. వ్యాను నుంచి ట్రెయిలర్ లైట్లకు కరెంటు అందించే ఏడు పిన్నుల సాకెట్‌లో తెల్లది ఎర్త్. దాని స్క్రూ వదులైతే, ఇండికేటర్ వేసినప్పుడు టెయిల్ లైట్ కూడా మినుకుమినుకుమంటుంది. బల్బులు మార్చినా ఫలితం ఉండదు. బయలుదేరిన 20 కిలోమీటర్లకు ఒకసారి ఆగి, చక్రం మధ్యనున్న హబ్‌ను చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ బిగుసుకుందని అర్థం.

రివర్స్ నేర్చుకోవడానికి ఖాళీ మైదానం కావాలి. స్టీరింగ్‌ను అడుగు భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిలితే ట్రెయిలర్ వెనక భాగం అటు వెళ్తుంది. ఖాళీ ట్రెయిలర్ మరీ కిందికి ఉండి అద్దాల్లో కనిపించదు కాబట్టి, దాని రెండు మూలలా ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు నిలిపాను. ఇంత చేసినా, రెండు వైపులా కార్లు నిలిపి ఉండే మా మణికొండ సందులో నేను రివర్స్‌కు ప్రయత్నించను. బస్తాలు గేటు ముందే దించేసి, పిన్ను తీసి, గొలుసులు విప్పి, నొగ పట్టుకుని ట్రెయిలర్‌ను చేత్తోనే లోపలికి తోసుకుంటాను.