స్ప్రింట్ అయిపోయింది, సోమవారం ఏం చేయాలో కూడా తేలింది

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు? ఇక్కడ అమెరికాలో, బెల్లెవ్యూలో శుక్రవారం సాయంత్రం నాలుగున్నర, నవంబర్ కదా, అప్పుడే చీకటి పడిపోయింది. ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడుతున్నాను. ఈ వారం వీడియో ఎందుకు రాలేదని అడిగారుగా, మా టీమ్‌లో డిజైన్ స్ప్రింట్ నడిచింది, ఐదు రోజులూ ఏడుగురం ఒకే గదిలో.

గూగుల్‌లో ఉన్నప్పుడు జేక్ న్యాప్ 2010లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. సోమవారం సమస్యను బోర్డు మీద గీసుకుంటాం, మంగళవారం ఎవరి ఐడియా వాళ్లు బొమ్మ వేస్తారు, బుధవారం ఒకటి ఎంచుకుంటాం, గురువారం నమూనా, శుక్రవారం దాన్ని బయటి నుంచి పిలిచిన ఐదుగురి చేతిలో పెట్టి చూస్తాం. ఐదుగురు సరిపోతారా అని నాకూ డౌటే ఉండేది, ఇవాళ పోయింది.

మాది మందులు అయిపోకముందే రీఫిల్, అంటే అవే మందులు మళ్లీ కావాలని ఫార్మసీని అడిగే యాప్. మందు సీసాకి ఫొటో తీస్తే వివరాలన్నీ వచ్చేసే స్క్రీన్ మాకు తెగ నచ్చింది, బుధవారం మేం ఓట్లుగా అంటించే చుక్కల స్టిక్కర్లన్నీ దాని మీదే పడ్డాయి. కానీ ఇక్కడ మాత్రలు గుండ్రటి సీసాలో ఇస్తారు, లేబుల్ చుట్టూ తిరిగి ఉంటుంది, ఒక్క ఫొటోలో పడదు. మూడోగా వచ్చినావిడకి డెబ్బై దాటి ఉంటాయి, ఒక చేత్తో సీసా తిప్పుతూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకోలేక, ఫోన్ కింద పెట్టేసి "ఫార్మసీకే ఫోన్ చేసుకుంటాలే" అన్నారు. పక్కగదిలో చూస్తున్న మాకు ఎవరికీ మాట రాలేదు. మొత్తం నలుగురు అక్కడే ఆగిపోయారు. అదే "మీ మాత్రలు ఇంకో ఐదు రోజులకే ఉన్నాయి, తెప్పించమంటారా" అన్న మెసేజ్‌కి మాత్రం ఐదుగురూ ఎవర్నీ అడక్కుండా జవాబిచ్చారు.

అందుకని ఫొటో స్క్రీన్ పక్కన పెట్టేశాం. బాధగానే ఉంది, దాని మీద గురువారం రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్నాం. పోయినసారి స్ప్రింట్ అయ్యాక గోడ మీద చీటీలు అలాగే వదిలేసి ఎవరి పనిలో వాళ్లు పడిపోయాం, మూడు వారాల తర్వాత చూస్తే ఒక్కటీ కదల్లేదు. ఈసారి నేను పట్టుబట్టాను, ప్రతి పనికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ పడేదాకా గదిలోంచి ఎవరూ లేవకూడదని. రోగుల వివరాలు బయటపడకుండా ఇక్కడ హిపా అనే చట్టం ఉంది కాబట్టి మెసేజ్‌లో మందు పేరు పెట్టొచ్చా అని మంగళవారంలోపు లీగల్ వాళ్లని అడగాలి. ఒక ఫార్మసిస్ట్‌తో కూర్చుని రీఫిల్ ఎక్కడెక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలి. మార్చిన నమూనాతో వచ్చే శుక్రవారం ఇంకో ఐదుగురు, వాళ్లలో కనీసం ఇద్దరు పిల్లల చేత మందులు తెప్పించుకునేవాళ్లు ఉండాలి. ఈ చివరిది నా పేరు మీద ఉంది, నేనే అడిగి తీసుకున్నాను.

ఆ సీసా తిప్పిన పెద్దావిడని చూస్తున్నంతసేపూ నాకు అమ్మే గుర్తొచ్చింది. బీపీ మాత్రల షీటు వెనక అక్షరాలు కనపడక పక్కింటి పిల్లాణ్ణి పిలుస్తుంది. ఖమ్మంలో ఇప్పుడు శనివారం పొద్దున్న ఆరు, లేచే ఉంటుంది. వీడియో కాల్ చేసి ఆ షీటు ఫోన్‌కి ఎలా చూపిస్తుందో చూస్తాను. ఉంటానండి, బై.